మంచుకొండకు బోవు బిడ్డ

గడచిన మాసమున నొక సాయంకాలము మచ్చ బొల్లారములోని మా యింటి యరుగుపై గూర్చుండి మెంతికూర యేఱుచుండగా, మా వీథి చివరింటి యిల్లాలు వచ్చి నా ప్రక్కన గూర్చుండెను. ఏమియు మాటలాడక చాటలోని కూర కొంత తన యొడిలోనికి దీసికొని తానును ఏఱసాగెను. ఏడ్చి ముఖము కడుగుకొని వచ్చినదని చూడగనే తెలిసినది. కొంతసేపటికి, "అక్కా! మా బిడ్డ మంచుకొండ యెక్కుటకు బోవుదు ననుచున్నది. నీవైన నొకమాట చెప్పరాదా?" అనెను.

ఆ బాలికను నే నెఱుగుదును. పందొమ్మిదేండ్లది, డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థలో 28 దినముల ప్రారంభశిక్షణకు బోవలెనని దాని కోరిక. తండ్రి నడుగగా ఆయన వార్తాపత్రికనుండి తల యెత్తక "మీ యమ్మ నడుగు" అనెనట. ఇట్టి సమయములందు మాత్రము గృహాధికార మంతయు మనకే సంక్రమించును! ఆ పిల్లయు తల్లి సమ్మతింపనిదే పోనని చెప్పినది. భారమంతయు నిట్లు తల్లిపై బడినది.

"ముఖము కమిలి నల్లబడి వచ్చినచో రేపు సంబంధము చూడవచ్చువా రేమందురు?" అనెను మొదట. "కాలో చేయో విఱిగిన నెవరు చూతురు?" అనెను పిమ్మట. నేను బదులు చెప్పలేదు. ఆమె కూరకాడ నొకదానిని వ్రేళ్ళతో నులుముచు, "తిరిగి రాకపోయిన?" అనెను. అప్పటికి అసలు మాట బయటపడినది.

ఇట్టి ప్రశ్న యీ నడుమ మఱికొందఱు తల్లులకును ఎదురగుచున్నదని నాకు వచ్చు జాబుల వలన దెలియుచున్నది గనుక, ఆమెతో నేను మాటలాడిన సంగతులనే యీ నెల యిక్కడ వ్రాయుచున్నాను. సోదరీమణులు మన్నింతురు గాక, నేను మంచుకొండ యెక్కినదానను గాను. నే నెఱిగిన మంచు రెఫ్రిజిరేటరు పైయరలో గడ్డకట్టునంతయే. కాని మన పిల్ల పూర్ణ ఎవరెస్టు నెక్కిన నాటినుండి యీ విషయమై దొరికినదెల్ల చదువుచున్నాను. పోయి వచ్చినవారు కనబడిన నడుగుచున్నాను.

మాలావత్ పూర్ణ పేరు వినని వారు మీలో నుండరు. నిజామాబాదు జిల్లాలోని పాకాల యను పల్లెలో వ్యవసాయకూలి చేసికొను దంపతుల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకొన్నది. 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండుటకు కొలది దినములు తక్కువగా నుండగా, టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరము నధిరోహించినది. అంత చిన్నవయసున నా శిఖరము నెక్కిన బాలిక యంతకుముందు లేదు. ఖమ్మము జిల్లా బాలుడు సాధనపల్లి ఆనందకుమారును ఆమెతో గూడ నెక్కెను. నేపాళమువారు పదునాఱేండ్లు నిండనివారికి అనుమతి నీయరు. అందుచేత వీరికి టిబెట్టు త్రోవయే గతి యయ్యెను. పిమ్మట 2022 జూన్ నెలలో అలాస్కాలోని దెనాలీ నెక్కి, పూర్ణ యేడు ఖండముల యత్యున్నతశిఖరములను ముగించినది.

"పూర్ణ సంగతి వేఱు, అక్కా! ఆమె వెనుక సర్కారు నుండెను" అని మా పొరుగామె యనెను. అది నిజమే. అందుకే ఆ వెనుకనున్న దేమో కొంచెము చూడవలయును. పత్రికలలో మనము చూచినది శిఖరముపై జెండా పట్టుకొని నిలిచిన పిల్ల బొమ్మ. దానికి ముందు నూటికి పైబడిన గురుకుల విద్యార్థులను భువనగిరి కొండకు దీసికొనిపోయి రాళ్ళెక్కుట నేర్పిరి. వారిలో సుమారు ఇరువదిమందిని ఏఱి డార్జిలింగునకు బంపిరి. అందుండి మఱికొందఱిని లడఖు చలిలో నడిపించి చూచిరి. కడకు మిగిలిన యిద్దఱే ఎవరెస్టునకు బోయిరి. అప్పుడు గురుకులసంస్థ కార్యదర్శిగా నుండిన ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ గారును, తాను 2007లోనే ఎవరెస్టు నెక్కివచ్చిన శిక్షకులు బచినేపల్లి శేఖరబాబు గారును పట్టిన జల్లెడ లివి. రవ్వజల్లెడ తరువాత పిండిజల్లెడ. ఎక్కడనైన "ఈ పిల్లకు చాలును, ఇంటికి బంపుడు" అనుటకు వీలున్నది. అట్లు పంపబడినవారు నూఱుగురును క్షేమముగ నిండ్లకు జేరినవారే. వారి పేళ్ళు పత్రికలలో రాలేదు.

భువనగిరి మనకు దూరము గాదు; సికిందరాబాదునుండి రైలులో గంట ప్రయాణము. అయిదువందల యడుగులకు మించి లేచిన ఏకశిల. చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర త్రిభువనగిరి యై, క్రమముగ భువనగిరి యైనది. ఆ రాతిని మొదట చూచినప్పుడు తన కాళ్ళు వణకినవని పూర్ణయే చెప్పినది. నాకు ఆ మాట ఎవరెస్టు కబురుకంటె నెక్కువ నచ్చినది.

ఇక డార్జిలింగు సంగతి. 1953 మే 29న టెన్సింగు నార్గేయు, ఎడ్మండు హిల్లరీయు ఎవరెస్టు శిఖరముపై నిలిచిరి గదా. మఱుసటి యేడే ఆ సంస్థ స్థాపింపబడెను. టెన్సింగు గారు చిరకాలము అక్కడ పిల్లలకు కొండ నేర్పిరి. శిక్షణలో మొదట కొన్నాళ్ళు డార్జిలింగులోనే రాళ్ళపై నభ్యాసము. పిమ్మట సిక్కిము పడమటి భాగమున యుక్సము అను నూరినుండి మూటలు వీపున వేసికొని అడవులగుండ, జోంగ్రీ మీదుగా దినదినమును పైకి నడచి చౌరీఖాంగు అను శిబిరము చేరుదురు. అది 14,600 అడుగుల చోటు. అచట హిమానీనదముపై నడుచుట, జాఱినచో తమ్ము తాము నిలుపుకొనుట నేర్పి, కడపట నొకనాడు అందఱును గుంపుగ నొక మంచుశిఖరమునకు బోయి యానాడే దిగివత్తురు. అట్టి శిఖరములలో రేనాకు ఒకటి. పదునాఱువేల యడుగులకు పైబడినది. పూర్ణయు ఆనందుడును ఎవరెస్టునకు ముందు ఎక్కినదియు రేనాకే.

మా పొరుగామె నిద్రను చెఱచుచున్నది ఆ యొక్క దినమే. దానిని నేను వినినంతవఱకు చెప్పితిని.

అర్ధరాత్రి దాటిన రెండు మూడు గంటలకే లేపుదురు. ఎందుకనగా రాత్రి చలికి మంచు పేరిన నేతివలె గట్టిపడియుండును. దానిపై అడుగు నిలుచును. ప్రొద్దెక్కినకొలది మెత్తబడి తొడలవఱకు దిగబడును. పైనుండి రాళ్ళును మంచుపెళ్ళలును ఊడిపడుట యారంభించును. కాబట్టి సూర్యునికంటె ముందు పని ముగించుకొని రావలయును. నొసట దీపము కట్టుకొని, బూట్ల యడుగున క్రాంపాను లను ఇనుపకోఱల పట్టీలు బిగించుకొని, చేత మంచుగొడ్డలి పట్టుకొని వరుసగ నడచెదరు. నిట్రమైన చోట్ల కొందఱు కొందఱుగ నొక్కత్రాటికి గట్టుకొందురు. ఒకరు జాఱినచో తక్కినవారు గొడ్డళ్ళు మంచులో దిగగొట్టి నిలుపవలయును. ముందు నడచువాడు బూటుతో తన్ని మెట్లు చేయును. వెనుకవారు అతని యడుగులలోనే యడుగు వేయుదురు.

"మా బిడ్డ వడిగా నడవలేదు" అనెను తల్లి. వడి యక్కడ పనికిరాదని చెప్పితిని. అందఱికంటె మెల్లగ నడచువారిని శిక్షకుని వెనువెంటనే యుంచి, వారి నడకయే గుంపు నడక కావలయునందురు. మన బొల్లారము సముద్రమునకు సుమారు 1,900 అడుగుల పైనున్నది. ఆ శిఖరముపై గాలి సముద్రతీరమున నుండు దానిలో సగమునకు కొంచె మధికము మాత్రమే. ఒక్కొక్క యడుగునకు రెండు మూడు శ్వాసలు కావలయును. పరుగెత్తినవాడు నాలుగడుగులకే చతికిలబడును.

బయలుదేఱునప్పుడే వెనుదిరుగు వేళ నిర్ణయింతురు. ఆ వేళకు శిఖరము నూఱడుగుల దూరమున నున్నను తిరుగవలసినదే. మంచి శిక్షకుడు దీనియందు తల్లి మాటయైనను వినడు. ఎందుకనగా ఎక్కువ ప్రమాదములు ఎక్కునప్పుడు గాక దిగునప్పుడే జరుగును. కాళ్ళు అలసియుండును, పని యైనదని మనసు సడలును. ఎక్కుటకు దాచుకొన్న బలమునే దిగుటకును పంచుకొనవలెను.

గాలి పలుచనగుటచే వచ్చు జబ్బును గూర్చి తల్లులు తప్పక యెఱిగియుండవలయును. మొదట తలనొప్పి, వికారము, నిద్ర పట్టకుండుట. అక్కడ నాగి విశ్రమించిన సాధారణముగ తగ్గును. తగ్గక నడక తూలినను, మాట తడబడినను, కూర్చున్నచోటనే ఆయాసము వచ్చినను, రాత్రియైనను పగలైనను క్రిందికి దింపవలయును. మందు లున్నను దిగుటకు బదులు గావు. పదివేల యడుగులు దాటిన పిదప నేటి రాత్రి పండుకొను చోటు నిన్నటి చోటికంటె 1,600 అడుగులకు మించి యెత్తున నుండరాదని వైద్యులు చెప్పుదురు. ఇందులో మన పిల్లల దుర్గుణ మొకటి కలదు. తలనొప్పి యనిన వెనుకకు బంపుదురని నోరు మూసికొందురు. పండుగకు ఊరికి బోవునాడు జ్వరము దాచు పిల్లలను మనమెఱుగమా!

వంట సంగతి చెప్పగానే ఆమె కొంచెము తేఱుకొన్నది. అంతయెత్తున నీళ్ళు 83 డిగ్రీల వేడికే మరగును. మన యింట 98 డిగ్రీలు గదా. కుండలో కందిపప్పు పొద్దస్తమానము ఉడికినను పలుకు పలుకుగనే యుండును. ప్రెషరు కుక్కరు లేనిదే పప్పు లేదు. ఆకలియు మందగించును, వేడిజావ, చారువంటివి, తీపి తేనీరు మాటిమాటికి త్రాగించుచుందురు. ఆమె సకినాలు చేసి పంపెదననెను. వీపుమూటలో నవి పొడియగునని నేను చెప్పి, నువ్వుల లడ్డులు, ఖర్జూరములు చాలునంటిని. పల్లీపట్టి పంపిన చలికి రాయివలె నగును. పంటికంటె ముందు లోపలి జేబులో నుంచి మెత్తబఱచవలెను.

దుస్తులకు నూలు పనికిరాదు. మనకు ప్రాణమైన నూలుబట్ట చెమటను బట్టి యుంచి, ఆగినంతనే యొంటిని చల్లబఱచును. ఉన్నియైనను, వెంటనే యాఱు కృత్రిమపు బట్టయైనను ఒకదానిపై నొకటి పలుచగ వేసికొని, వేడికి విప్పుచు చలికి తొడుగుచు నుండవలెను. మేజోళ్ళు తడిసినచో వ్రేళ్ళకు ముప్పు. 1871లో ఆల్ప్సు పర్వతములలోని మాటర్‌హార్ను శిఖరము నెక్కిన లూసీ వాకరు అను ఆంగ్లవనిత నాటి యాచారము తప్పక లంగాతోనే యెక్కినది. ఆమె యోర్పునకు నమస్కరింపవచ్చును గాని యనుసరింప నక్కఱలేదు. ఋతుదినములలో కొండ యెక్కరాదను నియమ మేదియు లేదు. కాని చలిలోను అలసటలోను నెల తప్పుటయు, ముందుగ వచ్చుటయు కలదు. కావలసినవి మూటలో నుంచుకొని, వాడినవానిని కొండపై పాఱవేయక సంచిలో గట్టి క్రిందికి దేవలెను. ఈ మాట పిల్లతో శిక్షకులు చెప్పుటకు ముందు తల్లి చెప్పుట మేలు.

ముఖము కమలు మాట నిజమే. మంచు ఎండను అద్దమువలె క్రిందినుండి పైకి గొట్టును. గడ్డము క్రిందను, ముక్కుపుటముల లోనను గూడ చర్మము కాలును. లేపనము దట్టముగ రాయవలయును. నల్లకంటద్దములు క్షణమైనను తీయరాదు. తీసినచో కంటిలో నిసుక పోసినట్లు మండి రెండుదినములు చూపుండదు. చర్మమునకు వచ్చిన నలుపు కొన్ని వారములకు పోవును. అంతవఱకు ఆగలేని సంబంధము పోయినను నష్టము లేదని నా యభిప్రాయము.

అప్పటికి చీకటి పడినది. దీపము వేసి వచ్చితిని. ఆమె యింకను కూర్చుండియే యున్నది. మూడవ ప్రశ్నకు నేను బదులు చెప్పలేదని మా యిద్దఱికిని తెలియును.

దాచిన తప్పగునని చెప్పితిని. 2022 అక్టోబరు 4వ తేదీన ఉత్తరాఖండములోని ద్రౌపదీ దండా యను శిఖరమునకు పర్వతారోహణ శిక్షార్థుల గుంపొకటి శిక్షకులతో గూడ పోవుచుండగా మంచు విఱిగిపడి ఇరువదియైదుగురికి మించి చనిపోయిరి. వారిలో సవితా కంస్వాల్ అను శిక్షకురాలు కలదు. ఆమె యా సంవత్సరము మే మాసముననే ఎవరెస్టును, మకాలు శిఖరమును పదునాఱు దినములలో నెక్కి వచ్చినది. అంతటి నేర్పరియు గుంపులోనే యుండి పోయినది. ఇక నెల్లూరు జిల్లావాడు మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల శిఖరములను 172 దినములలో నెక్కి పేరొందెను. ఆయన 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములపై ఒంటరిగ బోయి తుపానులో జిక్కి మరణించెను. ఒంటరిగ బోయినవారికి చేయి యందించువారు లేరు. గుంపుగ బోయినవారిపైనను మంచు పడవచ్చును. జపానుదేశపు జుంకో టాబే 1975 మే నెలలో మంచుపెళ్ళల క్రింద గప్పబడిపోగా తోడివారు త్రవ్వి వెలికి దీసిరి. పండ్రెండు దినములకు మే 16న ఆమె ఎవరెస్టు నెక్కి, ఆ శిఖరము చేరిన మొదటి స్త్రీ యయ్యెను. ఇంటివద్ద చిన్నబిడ్డ గల తల్లి యామె.

"నీవు పంపుమందు వనుకొని వచ్చితిని. కాకున్న వలదందు వనుకొంటిని. ఇప్పు డేమి చేయుదును?" అని యామె నన్ను కోపముతోనే యడిగెను.

నేను రెండును అనజాలనంటిని. పిల్ల నాది గాదు. అయితే నే నామె స్థానమున నున్నచో అడుగదగిన వేవో చెప్పితిని. శిక్షణసంస్థకు బోవుట వేఱు, అంతర్జాలములో నొక ప్రకటన చూచి ముక్కుమొగ మెఱుగని గుంపుతో రెండుదినముల సెలవులో మంచుకొండకు బోవుట వేఱు. ఇది మొదటిది గనుక కొంత మేలు. ఎవరు తీసికొనిపోవుదురు, పిల్లకు జబ్బుచేసిన నెవరు దింపుదురు, వెనుదిరుగు మనువా రెవరు అని కనుగొనవచ్చును. పిల్ల రెండు మూడు నెలలుగ నొడలు సాధించినదా యనుటయు చూడవలెను. "ప్రొద్దుననే లేచి మౌలాలి గుట్టకు బోవుచున్నది, సంచిలో పదికిలోల బియ్యము వేసికొని మెట్లెక్కి దిగుచున్నదట. బియ్యము తగ్గుచున్నవని కోడలిని అనుమానించితిని" అని తల్లి యొప్పుకొన్నది. "అన్నిటికంటె ముఖ్యము, తిరుగుమనినచో నీ బిడ్డ తిరుగునా?" అని యడిగితిని. ఆమె ఆలోచించి, "అది నాకే తెలియదు. మొండిది" అనెను.

అంతలో నా పిల్లయే తల్లిని వెదకుచు వచ్చినది. తల్లి చుట్టుత్రిప్పక, "బిడ్డా! సగము కొండ యెక్కినాక వెనుకకు బొమ్మందురట. పోవుదువా?" అనెను.

పిల్ల తల వంచుకొని కొంతసేపు గోడ నానుకొని నిలిచినది. పిమ్మట నా వైపు చూచుచు, "పెద్దమ్మా! సంక్రాంతి సెలవులలో భువనగిరికి బోయితిమి గదా. ఆనాటి ఫొటో అమ్మ చూచినది" అనెను.

ఆ ఫొటో నేనును జూచితిని. పదిమంది పిల్లలు కొండకొమ్మున వరుసగ నిలిచి చేతులెత్తియుందురు. "అందులో నీవు లేవేమే యనిన, ఫొటో నేనే తీసితి నంటివి గదా!" అనెను తల్లి.

"నేను తీయలేదమ్మా. నేను పైకి బోలేదు. మాలో నొకదానికి నడుమ చేతులు వణకినవి; ఏడ్చినది; ఇక నెక్కలేననినది. దానితో దిగువా రెవరని సారు అడిగిరి. ఎవరును మాటలాడలేదు. నేను దిగితిని. మీరు నవ్వుదురని చెప్పలేదు."

తల్లి చాలసేపు మాటలాడలేదు. వీథిలో నెవరో బండి యాపినారు, మఱల పోయినారు. నేను చాటలోని కాడలను ప్రక్కకు నెట్టితిని.

"ఆ పిల్ల ఎవరు? మన యింటికి వచ్చునదేనా, సన్నగ, పెద్ద కండ్లది?" అని తల్లి యడిగినది.

"అదే."

"దాని కిప్పుడు బాగున్నదా?"

"మొన్న మఱల పోయి పైవఱ కెక్కినది. అప్పుడు నాకు పరీక్ష."

ఆమె లేచి, చీరకు అంటిన మెంతాకులు దులుపుకొని, "ఉన్ని మేజోళ్ళు ఎన్ని జతలు కావలెనో వ్రాసి యిమ్ము. మీ నాన్న రేపు సికిందరాబాదు బోవును" అనెను. పిల్ల నా వైపును, తల్లి వైపును జూచి, కాగితము కొఱకు పరుగెత్తినది. కొండపై పరుగెత్తరాదని యిప్పుడే చెప్పితినిగదా యని నేను కేకవేసితిని గాని విననే లేదు.

శిక్షణ వచ్చు నెల నారంభ మగునట. సకినాలు మాత్రము చేసి తీఱుదు ననుచున్నది తల్లి. పొడియైనను చెంచాతో దినవచ్చునట.